యాడ్-ఆన్ వల్ల బ్రౌజర్ మొరాయిస్తే: ఏ పద్ధతితో వెతకాలి, ఎవరికి ఏది నప్పుతుంది

ఫారం అంతా నింపి "సబ్మిట్" నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. వీడియో రావాల్సిన చోట నల్లటి పెట్టె కనిపిస్తుంది. లాగిన్ అయితే మళ్లీ లాగిన్ పేజీకే తెచ్చి పడేస్తుంది. అదే సైట్ పక్కవాళ్ల కంప్యూటర్‌లో మాత్రం చక్కగా తెరుచుకుంటుంది. తరచుగా దీని వెనక ఉండేది యాడ్-ఆన్, అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాం. క్రోమ్‌లో దాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు. ఇలాంటప్పుడు చాలామంది విసుగెత్తి బ్రౌజర్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అది. పైగా ఎలుక చావదు కూడా. విండోస్‌లో క్రోమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు" అన్న గడిలో టిక్ పెట్టకపోతే మీ ప్రొఫైల్ (సెట్టింగ్స్, బుక్‌మార్కులు, యాడ్-ఆన్లు ఉండే ఫోల్డర్) డిస్క్ మీద అలాగే ఉండిపోతుంది. ఫైర్‌ఫాక్స్ కూడా మామూలుగా ప్రొఫైల్ జోలికి పోదు. ఒకవేళ అంతా తుడిచేసినా, ఖాతాతో సైన్ ఇన్ అయి సింక్ (ఖాతాలో దాచినవాటిని తిరిగి తెచ్చే సౌకర్యం) ఆన్ చేయగానే పాత యాడ్-ఆన్లన్నీ తిరిగొస్తాయి. గొడవ పెట్టేది కూడా వాటితోపాటే వస్తుంది.

అందుకే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడాన్ని ఈ పోలికలో చేర్చలేదు. ప్రైవేట్ విండో, ఫైర్‌ఫాక్స్ ట్రబుల్‌షూట్ మోడ్, యాడ్-ఆన్లను సగం సగం ఆపి చూడడం, డెవలపర్ కన్సోల్, బ్రౌజర్ టాస్క్ మేనేజర్, కొత్త ప్రొఫైల్, రీసెట్ మిగిలాయి. వీటిలో దేనితో మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసమే ఇది.

అసలు యాడ్-ఆన్ ఏం చేసి పేజీని పాడు చేస్తుంది?

ఇది కొంచెం తెలిస్తే పద్ధతి ఎంచుకోవడం సగం తేలికవుతుంది. యాడ్-ఆన్లు పేజీని చెడగొట్టే తీరులు ముఖ్యంగా నాలుగు.

కొన్ని పేజీ బయటికి పంపే రిక్వెస్టులనే, అంటే తనకు కావలసిన ఫైళ్లు పంపమని సర్వర్‌ని అడిగే సందేశాలనే ఆపేస్తాయి. యాడ్ బ్లాకర్లు, ట్రాకింగ్‌ని అడ్డుకునేవి ఈ కోవలోకి వస్తాయి. ప్రకటన అనుకుని ఆపిన స్క్రిప్టే ఆ సైట్ బటన్‌ని నడిపేది కావచ్చు. అప్పుడు బటన్ కనిపిస్తుంది గానీ పనిచేయదు.

ఇంకొన్ని పేజీ లోపలికి తమ కోడ్‌ని చొప్పించి అక్షరాలనూ పెట్టెలనూ మారుస్తాయి. వ్యాకరణం దిద్దేవి, అనువదించేవి, పాస్‌వర్డ్ నింపేవి, పేజీని నల్లగా మార్చేవి ఇలాంటివే. ఇప్పుడు చాలా సైట్లు రియాక్ట్ లాంటి లైబ్రరీలతో, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలతో కట్టినవి. తను పెట్టిన ప్రతి ముక్కా పెట్టినచోటే ఉందన్న నమ్మకంతో ఆ లైబ్రరీ నడుస్తుంది. మధ్యలో యాడ్-ఆన్ వచ్చి ఒక ముక్కను వేరేదానిలో చుట్టేసిందనుకోండి, దాన్ని తీసేయబోయిన లైబ్రరీకి అది దొరకదు. పేజీ మొత్తం ఒక్కసారిగా తెల్లబడిపోతుంది. బాగా నడుస్తున్న పేజీ ఏదో నొక్కగానే ఖాళీ అయిపోతే ముందు ఈ రకం యాడ్-ఆన్లనే అనుమానించాలి.

మూడో రకం నెట్ కనెక్షన్ దారినే మళ్లిస్తుంది. వీపీఎన్, ప్రాక్సీ యాడ్-ఆన్లు చేసే పని ఇదే. వాటి సర్వర్ పడిపోతే ఒక సైట్ కాదు, అన్ని సైట్లూ ఆగిపోతాయి. బ్రౌజర్ "ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్" అని చెబుతుంది. దీనికి పెద్ద వెతుకులాట అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ దగ్గర ఫలానా యాడ్-ఆన్ ఈ సెట్టింగ్‌ని తన అధీనంలో ఉంచుకుందని పేరుతో సహా రాసి ఉంటుంది.

నాలుగోది మెమరీ, సీపీయూ మింగేయడం. దీనిలో ఎర్రర్ కనిపించదు, నత్తనడక కనిపిస్తుంది.

ఏ కొలతలతో పోల్చాలి

నేను నాలుగు చూస్తాను. ఆ పద్ధతి వల్ల ఏం పోతుంది: లాగిన్లా, సెట్టింగ్సా, యాడ్-ఆన్లలో దాచుకున్న డేటానా? ఎంత సేపు పడుతుంది? "ఏదో ఒక యాడ్-ఆన్ వల్లే" అని చెప్పి ఊరుకుంటుందా, అది ఏదో, దాని పేరు కూడా చెబుతుందా? నాలుగోది చాలామంది పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ పద్ధతి ఒకేసారి ఎన్ని విషయాలను మారుస్తుంది? యాడ్-ఆన్లతో పాటు కుకీలూ (సైట్ మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు), క్యాష్ (మళ్లీ వాడడానికి బ్రౌజర్ దాచుకున్న పేజీల నకళ్లు), గ్రాఫిక్స్ సెట్టింగ్ కూడా మారిపోతే, సమస్య పోయినా దేనివల్ల పోయిందో తేలదు. రేపు మళ్లీ మొదటికొస్తుంది.

| పద్ధతి | ఏం పోతుంది | సమయం | పేరు చెబుతుందా | యాడ్-ఆన్లతో పాటు ఇంకేం మారుతుంది |
|---|---|---|---|---|
| ప్రైవేట్ విండో | ఏమీ పోదు | అర నిమిషం | చెప్పదు | కుకీలు, క్యాష్, లాగిన్ |
| ట్రబుల్‌షూట్ మోడ్ (ఫైర్‌ఫాక్స్) | ఏమీ పోదు | రెండు నిమిషాలు | చెప్పదు | థీమ్, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ |
| సగం సగం ఆపడం | ఏమీ పోదు | పది నిమిషాల లోపు | చెబుతుంది | ఏమీ మారదు |
| డెవలపర్ కన్సోల్ | ఏమీ పోదు | అలవాటుంటే ఐదు నిమిషాలు | తరచుగా చెబుతుంది | ఏమీ మారదు |
| టాస్క్ మేనేజర్ | ఏమీ పోదు | ఒక నిమిషం | నెమ్మదితనానికైతే చెబుతుంది | ఏమీ మారదు |
| కొత్త ప్రొఫైల్ | ఏమీ పోదు, పాతది పక్కన ఉంటుంది | పది నిమిషాలు | చెప్పదు | అన్నీ |
| రీసెట్ | సెట్టింగ్స్. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్లు కూడా | ఐదు నిమిషాలు, తర్వాత సర్దుకోవడానికి గంటలు | చెప్పదు | చాలా |

చివరి నిలువు వరుసని ఒకసారి మళ్లీ చూడండి. అక్కడ "ఏమీ మారదు" అని ఉన్న వాటి తీర్పునే నమ్మవచ్చు. మిగతావి అనుమానం పెంచడానికో తగ్గించడానికో పనికొస్తాయి, అంతే.

ప్రైవేట్ విండో: వేగం ఎక్కువ, నమ్మకం తక్కువ

క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో లేదా ఇన్‌ప్రైవేట్ విండో వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. మీరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప యాడ్-ఆన్లు అక్కడ నడవవు. ఫైర్‌ఫాక్స్‌లో ఈ నియమం 2019లో 67వ వెర్షన్‌తో వచ్చింది.

సైట్ ఇక్కడ బాగా నడిస్తే "దొరికింది, యాడ్-ఆనే" అనేస్తారు అందరూ. తొందరపడకండి. ప్రైవేట్ విండో ఖాళీ కుకీలతో మొదలవుతుంది. పాడైన పాత కుకీ వల్ల లాగిన్ గుండ్రంగా తిరుగుతుంటే అది కూడా ఇక్కడ మాయమవుతుంది. "రీడైరెక్టులు (ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మళ్లింపులు) మరీ ఎక్కువయ్యాయి" అన్న ఎర్రర్ ఇలాంటిదే. దానికి యాడ్-ఆన్ కంటే కుకీలే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

దీన్ని తిరగేసి వాడితే మాత్రం పరీక్ష గట్టిపడుతుంది. ప్రైవేట్ విండోలో సైట్ బాగుందని తేలాక, మీకు అనుమానం ఉన్న ఒక్క యాడ్-ఆన్‌కి మాత్రం అక్కడ నడిచే అనుమతి ఇవ్వండి. క్రోమ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ "డీటెయిల్స్" పేజీలో "అలో ఇన్ ఇన్‌కాగ్నిటో" అని ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్ వివరాల్లో "రన్ ఇన్ ప్రైవేట్ విండోస్" అని ఉంటుంది. కుకీలు అప్పుడూ ఇప్పుడూ ఖాళీయే కాబట్టి, ఎర్రర్ మళ్లీ వస్తే అది యాడ్-ఆన్ పనే. తేలగానే ఆ అనుమతి వెనక్కి తీసుకోవడం మరవకండి.

ఫోన్‌లోని క్రోమ్ కూడా ఇలాంటి చిన్న పరీక్షకు పనికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. అక్కడా అదే ఎర్రర్ వస్తే తప్పు సైట్‌దో, మీ ఖాతాదో, నెట్‌దో అయి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌కి ఇది వర్తించదు. 2023 డిసెంబర్ నుంచి దానిలో యాడ్-ఆన్ల తలుపులు బాగా తెరిచారు.

ట్రబుల్‌షూట్ మోడ్: ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి మంచి తొలి అడుగు, ఒక మెలికతో

పాతవాళ్లకి ఇది "సేఫ్ మోడ్"గా తెలుసు. 2021లో 88వ వెర్షన్ నుంచి పేరు మారింది. "హెల్ప్" మెనూలో ఉంటుంది. విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైర్‌ఫాక్స్ తెరిచినా వస్తుంది. ప్రైవేట్ విండో కంటే దీనిలో ఉన్న మేలు ఏమిటంటే, మీ కుకీలూ లాగిన్లూ అలాగే ఉంటాయి. కాబట్టి లాగిన్ అయ్యాకే వచ్చే ఎర్రర్‌ని కూడా పరీక్షించవచ్చు.

మెలిక ఇది. ఈ మోడ్ యాడ్-ఆన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ని, అంటే గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మ గీయించడాన్ని కూడా ఆపేస్తుంది. వీడియో నల్లగా రావడం, తెర మినుకుమినుకుమనడం, అక్షరాలు చెదిరిపోవడం లాంటివి ఈ మోడ్‌లో పోయాయంటే అది గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దోషం కావచ్చు. తేల్చుకోవాలంటే మామూలు మోడ్‌లోకి వచ్చి, "జనరల్" సెట్టింగ్స్‌లో "పెర్ఫార్మెన్స్" కింద హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఒక్కటే ఆపి చూడండి. సమస్య అప్పుడూ పోతే యాడ్-ఆన్లను వదిలేసి డ్రైవర్‌ని అప్‌డేట్ చేయండి.

ఇంకో జాగ్రత్త. ఈ మోడ్‌లోకి వెళ్లేటప్పుడు వచ్చే పెట్టెలో రెండు బటన్లు ఉంటాయి: "ఓపెన్", "రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్". మీకు కావలసింది మొదటిదే. రెండోది నొక్కితే యాడ్-ఆన్లన్నీ పోతాయి.

సగం సగం ఆపడం: నా ఓటు దీనికే

ఒక్కొక్కటిగా ఆపుతూ పోవాలని ఎక్కడ చూసినా చెబుతారు. నాలుగైదు యాడ్-ఆన్లు ఉన్నవాళ్లకి అది చాలు. పదహారు ఉంటే, గొడవ పెట్టేది చివర్లో ఉంటే, ఒక్కొక్కటిగా పదిహేనుసార్లు పేజీ తెరిచి చూడాలి. అదే పదహారులో ఎనిమిది ఆపి చూస్తే, సమస్య పోయిందా లేదా అన్నదాన్ని బట్టి మిగిలిన అనుమానితులు ఎనిమిదే. తర్వాత నాలుగు, రెండు, ఒకటి. నాలుగు విడతల్లో పని తేలిపోతుంది. ముప్పై రెండు ఉన్నా ఐదు విడతలే.

చేసే పద్ధతిలో కొన్ని చిన్న చిన్న విషయాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

మొదలుపెట్టే ముందు యాడ్-ఆన్ల జాబితాను స్క్రీన్‌షాట్ తీసుకోండి. కొన్ని ముందే ఆఫ్‌లో ఉండి ఉంటాయి. ఆఖర్న అన్నిటినీ ఆన్ చేసేటప్పుడు వాటినీ ఆన్ చేస్తే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

యాడ్-ఆన్ ఆపాక పేజీని తప్పకుండా రీలోడ్ చేయాలి. పేజీ తెరిచినప్పుడే లోపలికి చొప్పించిన కోడ్, యాడ్-ఆన్‌ని ఆఫ్ చేసినంత మాత్రాన ఆ పేజీ నుంచి బయటికి పోదు. రీలోడ్ చేయకుండా చూసి "ఇది కాదు" అని వదిలేసిన యాడ్-ఆనే దోషి అయి ఉండడం చాలా మామూలు.

జాబితాను కళ్లు మూసుకుని సగం చేయకండి. ఈమధ్యే అప్‌డేట్ అయినవి, "అన్ని సైట్లలో డేటా చదివి మార్చే" అనుమతి ఉన్నవి మొదటి సగంలో వేసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్ల పేజీలోని గేర్ గుర్తు కింద "వ్యూ రీసెంట్ అప్‌డేట్స్" అని ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న సైట్ ఇవాళ పాడైతే ఆ జాబితాలో పై పేరే చాలాసార్లు సమాధానం.

ఇక ఈ పద్ధతి తడబడే చోటు. ఈ సగం ఆన్‌లో ఉన్నా సమస్య లేదు, ఆ సగం ఆన్‌లో ఉన్నా లేదు, రెండూ కలిస్తేనే వస్తుంది. అంటే తప్పు ఒకదానిది కాదు, రెండు యాడ్-ఆన్లు కొట్టుకుంటున్నాయి. రెండు యాడ్ బ్లాకర్లు, రెండు పాస్‌వర్డ్ మేనేజర్లు ఉన్నచోట ఇది తరచుగా కనిపిస్తుంది. ఒకే పెట్టెని నింపడానికి రెండూ పోటీ పడితే పెట్టెలో ఏమీ నిలవదు. అప్పుడు ఒక సగాన్ని పూర్తిగా ఆన్‌లోనే ఉంచి, రెండో సగాన్ని మాత్రం విడగొడుతూ పోండి. జంటలో ఒకటి దొరుకుతుంది. దాన్ని ఆన్‌లో ఉంచి మొదటి సగాన్ని విడగొడితే రెండోది దొరుకుతుంది.

ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే ఎర్రర్లకి మాత్రం ఇది నప్పదు. రోజుకోసారి వచ్చే సమస్య అయితే ఒక్కో విడతకి ఒకటి రెండు రోజులు ఆగాలి. దానికి కన్సోల్ మేలు.

కన్సోల్: చదవడం వస్తే అన్నిటికంటే సూటి

ఎఫ్12 నొక్కితే డెవలపర్ టూల్స్ వస్తాయి. "కన్సోల్" ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేసి, పనిచేయని బటన్‌ని నొక్కండి. ఎర్రటి వరుసలు వస్తాయి. వాటి మొత్తం అర్థం తెలియనక్కర్లేదు, రెండు ఆనవాళ్లు చూస్తే చాలు.

ఒకటి "ఎర్రర్ బ్లాక్డ్ బై క్లయింట్" అన్న మాట. ఆ రిక్వెస్ట్‌ని సైట్ కాదు, మీ బ్రౌజర్‌లో ఉన్నదే ఏదో ఆపిందని దీని అర్థం. దాదాపు ఎప్పుడూ అది యాడ్ బ్లాకరో అలాంటిదో అయి ఉంటుంది. రెండోది ఎర్ర వరుసకి కుడి చివర కనిపించే ఫైల్ చిరునామా. అది సైట్ పేరుతో కాకుండా "క్రోమ్ ఎక్స్‌టెన్షన్" అన్న మాటతో మొదలైతే, దాని వెనకే 32 అక్షరాల పొడవాటి గుర్తు ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరమాలలో ఏ నుంచి పి వరకు ఉన్న అక్షరాలే దానిలో వస్తాయి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో "డెవలపర్ మోడ్" ఆన్ చేస్తే ప్రతి దాని కిందా దాని గుర్తు కనిపిస్తుంది. రెండూ పోల్చి చూస్తే పేరు దొరికినట్టే. ఫైర్‌ఫాక్స్‌లో ఆ గుర్తు ప్రతి కంప్యూటర్‌కీ వేరుగా ఉంటుంది. అడ్రస్ బార్‌లో "అబౌట్", కోలన్, "డీబగ్గింగ్" అని ఇంగ్లిష్‌లో కొట్టి, "దిస్ ఫైర్‌ఫాక్స్" లోకి వెళ్తే ప్రతి యాడ్-ఆన్ లోపలి గుర్తూ అక్కడ ఉంటుంది.

అలాగని ఎర్ర వరుస ప్రతిదీ దోషికి సాక్ష్యం కాదు. చాలా సైట్లలో ప్రకటనల స్క్రిప్టులు ఆగిపోయి పదుల కొద్దీ వరుసలు వస్తాయి, అయినా పేజీ నిక్షేపంగా నడుస్తుంది. బటన్ నొక్కిన క్షణంలో కొత్తగా వచ్చిన వరుసకే విలువ. నొక్కే ముందు కన్సోల్‌ని ఒకసారి ఖాళీ చేసుకోండి. పేరు దొరికాక ఆ ఒక్క యాడ్-ఆన్‌ని ఆపి, రీలోడ్ చేసి, నిజమేనని రూఢి చేసుకోండి.

టాస్క్ మేనేజర్: నెమ్మదితనానికి మాత్రమే

క్రోమ్, ఎడ్జ్‌లలో విండోస్ మీద షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్ పేరూ, మెమరీ, సీపీయూ లెక్కా విడివిడిగా ఉంటాయి. ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నప్పుడు ముందు ఇక్కడికి రండి. ఒక చిన్న లోపం ఉంది. పేజీ లోపలికి చొప్పించిన కోడ్ తినే సీపీయూ ఆ ట్యాబ్ ఖాతాలో పడుతుంది, యాడ్-ఆన్ ఖాతాలో కాదు. ప్రతి ట్యాబూ బరువుగా కనిపిస్తుంటే ఆ బరువు యాడ్-ఆన్‌దే కావచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్-ఆన్లన్నీ కలిసి ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో ఇంత స్పష్టంగా విడదీయలేం.

కొత్త ప్రొఫైల్, రీసెట్: ఈ రెండింటిలో ఏది?

ఇవి రెండూ "అంతా కొత్తగా మొదలుపెడదాం" అన్న ఆలోచనే. తేడా ఒక్కటే, అది పెద్దది. కొత్త ప్రొఫైల్‌లో పాతది చెక్కుచెదరకుండా పక్కన ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. రీసెట్‌కి వెనక్కి వచ్చే దారి లేదు, ఉన్నా కష్టం.

క్రోమ్‌లో రీసెట్ చేస్తే ఎక్స్‌టెన్షన్లు ఆఫ్ అవుతాయి గానీ తొలగిపోవు. స్టార్టప్ పేజీ, సెర్చ్ ఇంజిన్, పిన్ చేసిన ట్యాబులు మొదటి స్థితికి వస్తాయి. కుకీల లాంటి తాత్కాలిక డేటా పోతుంది, అంటే అన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. బుక్‌మార్కులు, హిస్టరీ, దాచుకున్న పాస్‌వర్డులు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ "రిఫ్రెష్" దీనికి కొంత తిరగబడి ఉంటుంది. అది కుకీలనూ పాస్‌వర్డులనూ ఉంచుతుంది గానీ యాడ్-ఆన్లను తీసేస్తుంది. పాత ప్రొఫైల్ నకలు "ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా" అన్న ఫోల్డర్‌గా డెస్క్‌టాప్ మీద పెడుతుంది. సమస్య తీరిందని తెలిసేదాకా ఆ ఫోల్డర్‌ని తొలగించకండి.

రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను ఎప్పుడూ కొత్త ప్రొఫైల్ వైపే. క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ చేసేటప్పుడు ఖాతాతో సైన్ ఇన్ కాకుండా ఖాళీగా ఉంచండి, లేకపోతే సింక్ ద్వారా పాత యాడ్-ఆన్లు దిగిపోయి పరీక్షే చెడిపోతుంది. హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ మీ ప్రమేయం లేకుండా మారిపోయి, ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ మారుతుంటే మాత్రం, దోషి అయిన యాడ్-ఆన్‌ని తొలగించాక రీసెట్ చేయడం సరైన పనే.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

గడువు దగ్గరపడిన దరఖాస్తో, డబ్బు చెల్లింపో చేతిలో ఉంటే ఇప్పుడు పరిశోధన వద్దు. ప్రైవేట్ విండోలోనో ఇంకో బ్రౌజర్‌లోనో పని ముగించండి. అయితే చెల్లింపు మధ్యలో పేజీ ఆగితే, రెండోసారి నొక్కే ముందు డబ్బు కట్ అయిందో లేదో చూసుకోండి. యాడ్-ఆన్ చాలాసార్లు "చెల్లింపు జరిగింది" అని చూపించే చివరి పేజీనే ఆపుతుంది, చెల్లింపుని కాదు.

ఫోన్‌లో మాట్లాడుతూ పెద్దవాళ్లకి సాయం చేస్తున్నవాళ్లు కన్సోల్ జోలికి వెళ్లకండి. ప్రైవేట్ విండో తెరిపించండి. అక్కడ పనిచేస్తే, యాడ్-ఆన్ల పేజీ తెరిపించి పేర్లు ఒక్కొక్కటీ చదివించండి. "ఇది నేను పెట్టుకోలేదే" అని వాళ్లే అనే పేరు తరచుగా దొరుకుతుంది.

ఆఫీసు కంప్యూటర్‌లో కొన్ని ఎక్స్‌టెన్షన్లకు ఆఫ్ బటన్ బూడిద రంగులో ఉండి కదలదు. అవి సంస్థ పాలసీతో పెట్టినవి. వాటిని తీయడానికి దొంగదారులు వెతక్కండి. కన్సోల్‌లో దొరికిన గుర్తు, యాడ్-ఆన్ వెర్షన్, ఏ పేజీలో ఏం నొక్కితే వస్తుందో రాసి ఐటీ వాళ్లకి ఇవ్వండి. "సైట్ రావట్లేదు" అన్న ఫిర్యాదు కంటే ఇది ఎన్నో రెట్లు త్వరగా కదులుతుంది.

ఇరవైకి పైగా యాడ్-ఆన్లు ఉన్నవాళ్లకి సగం సగం పద్ధతి తప్ప వేరే సలహా లేదు. సైట్లు తయారుచేసేవాళ్లు, పరీక్షించేవాళ్లు మాత్రం యాడ్-ఆన్లు లేని ప్రొఫైల్ ఒకటి శాశ్వతంగా ఉంచుకోవాలి. యూజర్ చెప్పిన బగ్ తమదా, వాళ్ల యాడ్-ఆన్‌దా అన్నది దానిలో నిమిషంలో తేలుతుంది.

అన్ని యాడ్-ఆన్లూ ఒకేసారి ఆగిపోతే

ఇది వేరే సంగతి, పై పద్ధతులేవీ దీనికి పనికిరావు. 2019 మే నెల మొదట్లో ప్రపంచమంతటా ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్లు ఒక్కసారిగా ఆఫ్ అయిపోయాయి. అవి అసలైనవేనని చూపే డిజిటల్ సంతకానికి వాడే సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. 66.0.4 వెర్షన్‌తో సరిదిద్దారు. అప్పుడు యాడ్-ఆన్లను తీసేసి మళ్లీ పెట్టబోయినవాళ్లు వాటిలోని డేటా పోగొట్టుకున్నారు, ఓపిక పట్టినవాళ్లకి అన్నీ తిరిగొచ్చాయి. 2025 మార్చిలో ఇంకో సర్టిఫికెట్ గడువు తీరింది, అందుకే 128 కంటే పాత ఫైర్‌ఫాక్స్‌లలో యాడ్-ఆన్లు మొరాయిస్తే ముందు బ్రౌజర్‌నే అప్‌డేట్ చేయాలి. క్రోమ్‌లో 2024, 2025లలో "మానిఫెస్ట్ వి2" అనే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా ఆపేశారు. "ఇక మద్దతు లేదు" అని చూపిస్తున్నదాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, కొత్త పద్ధతిలో రాసిన ప్రత్యామ్నాయం వెతుక్కోండి.

దోషి దొరికాక: తీసేయాలా, ఉంచుకోవాలా?

ఇక్కడ కూడా ఎంపిక ఉంది, తొందరలో చాలామంది నష్టపోయేది ఇక్కడే. యాడ్-ఆన్‌ని ఆఫ్ చేస్తే దాని డేటా ఉంటుంది. రిమూవ్ చేస్తే ఆ బ్రౌజర్‌లో అది దాచుకున్నదంతా పోతుంది: సేవ్ చేసిన ట్యాబుల జాబితాలు, నోట్సు, సొంతంగా రాసుకున్న ఫిల్టర్లు, స్క్రిప్టులు. ముందు దాని సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉందేమో చూడండి. క్రిప్టో వాలెట్ యాడ్-ఆన్ అయితే రికవరీ పదాలు (వాలెట్‌ని తిరిగి తెరిచే రహస్య పదాలు) చేతిలో లేకుండా రిమూవ్ బటన్ వైపు చూడనే వద్దు.

ఒక్క సైట్‌లోనే గొడవ అయితే ఆ సైట్‌కి మాత్రం ఆపండి. యాడ్ బ్లాకర్లలో దాదాపు అన్నిటిలోనూ దీనికి బటన్ ఉంటుంది. క్రోమ్, ఎడ్జ్‌లలో ఎక్స్‌టెన్షన్ వివరాల్లో "సైట్ యాక్సెస్" దగ్గర "ఆన్ క్లిక్" ఎంచుకుంటే, మీరు నొక్కినప్పుడే అది పేజీని ముట్టుకుంటుంది. రోజూ వాడని యాడ్-ఆన్లకి నేను దీన్నే సూచిస్తాను. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సౌకర్యం అన్ని యాడ్-ఆన్లకీ దొరకదు.

కొత్త అప్‌డేట్ వల్లే పాడైందని తేలితే ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. యాడ్-ఆన్ పేజీలో పాత వెర్షన్ల జాబితా నుంచి వెనకటిది పెట్టుకుని, ఆ ఒక్కదానికి ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపవచ్చు. సరిదిద్దిన వెర్షన్ వచ్చేదాకే ఇది. పాతదాన్ని అలాగే నెలల తరబడి ఉంచుకుంటే, సరిచేసిన భద్రతా లోపాలు మీ దగ్గర మాత్రం మిగిలిపోతాయి. క్రోమ్ స్టోర్ పాత వెర్షన్లు ఇవ్వదు. అక్కడ ఆగడమో, మార్చడమో. "పాడైపోయి ఉండవచ్చు" అన్న హెచ్చరికతో పాటు "రిపేర్" బటన్ కనిపిస్తే మాత్రం ముందు దాన్ని నొక్కి చూడండి.

దొరికిన యాడ్-ఆన్ మీరు పెట్టుకోనిదైతే, లేదా చేతులు మారిందని తెలిస్తే, ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే తీసేయండి. ట్యాబులను నిద్రపుచ్చే "ది గ్రేట్ సస్పెండర్" ఎంతో మంది నమ్మిన ఎక్స్‌టెన్షన్. కొత్త యజమాని చేతికి వెళ్లాక దానిలో హానికర కోడ్ ఉందని 2021 ఫిబ్రవరిలో గూగుల్ తొలగించింది. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షన్‌కే, ఉద్యోగిని మోసగించి స్టోర్ ఖాతాలోకి చొరబడినవాళ్లు విషపు అప్‌డేట్ పంపారు. అది లాగిన్ కుకీలను కాజేసేది. ఇలాంటి అనుమానం ఉంటే యాడ్-ఆన్ తీసేయడంతో ఆగకండి: ముఖ్యమైన ఖాతాల్లో "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కి, ఆ తర్వాత పాస్‌వర్డులు మార్చండి. కుకీ దొంగిలించినవాడికి పాస్‌వర్డ్‌తో పని లేదు కాబట్టి మొదట లాగౌట్ కావాలి.

ఆఖరి పని: స్క్రీన్‌షాట్ తెరిచి, ముందు ఆన్‌లో ఉన్నవాటిని తిరిగి ఆన్ చేయండి. పరీక్ష కోసం ఆపిన పాస్‌వర్డ్ మేనేజర్, యాడ్ బ్లాకర్ వారాల తరబడి ఆఫ్‌లోనే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది, వాటినే ముందు చూసుకోండి.